గంటా ముప్పావు కోసం వియన్నా దాకా

తొలిసారి విదేశీ సదస్సుకు బయల్దేరుతున్న తెలుగు రాష్ట్రాల పరిశోధక విద్యార్థులకు బహిరంగ లేఖ



ఏటా వసంతకాలంలో ఆస్ట్రియా రాజధాని వియన్నాలో యూరోపియన్ జియోసైన్సెస్ యూనియన్ మహాసభ జరుగుతుంది. మనవాళ్లంతా ఈజీయూ అనే అంటారు. భూకంపాలు, వానలు, నదులు, నేలలు, సముద్రాలు, గ్రహాలు, ఇలా భూమిని గురించిన చదువు ఏదైనా అక్కడ దానికో హాలు ఉంటుంది. 2005 నుంచి వియన్నాలోనే జరుగుతోంది. కోవిడ్ రోజుల్లో మాత్రం ఆన్‌లైన్‌కు మారింది. వేల మంది వస్తారు. వాళ్లలో ఉస్మానియా నుంచో, ఆంధ్రా యూనివర్సిటీ నుంచో, తిరుపతి నుంచో, ఉప్పల్ ఎన్‌జీఆర్‌ఐ నుంచో తొలిసారి దేశం దాటినవాళ్లు కొందరైనా ఉంటారు. వాళ్లను పోల్చుకోవడం కష్టం కాదు. మడత నలగని కొత్త జాకెట్టు, వీపున ల్యాప్‌టాప్ సంచి, చేతిలో పోస్టరు గొట్టం, కళ్లనిండా నిద్ర.

అబ్‌స్ట్రాక్ట్ ఆమోదం పొందిందని మెయిల్ రాగానే సలహాలు మొదలవుతాయి. అమ్మ పచ్చళ్ల సంగతి చెబుతుంది. మేనమామ డాలర్ల సంగతి చెబుతాడు, అక్కడ నడిచేది యూరో అన్నా వినడు. హాస్టల్ మిత్రుడు పనిలో పనిగా స్విట్జర్లాండ్ చూసి రమ్మంటాడు. గైడు గారు ‘అన్నీ చూసుకో’ అని ఊరుకుంటారు. ఆ వారంలో మీది అని చెప్పుకోగలిగే సమయం ఎంతో మాత్రం ఎవరూ చెప్పరు. పోస్టరైతే ఒక్క సెషన్, అంటే గంటా ముప్పావు. ఉపన్యాసమైతే, ప్రశ్నలతో కలిపి, పది నిమిషాలు. అంతే. లక్షన్నరో రెండు లక్షలో ఖర్చుపెట్టి, నెలల తరబడి కాగితాలు పోగుచేసి మీరు కొనుక్కునేది ఆ గంటా ముప్పావునే. కాబట్టి టికెట్టు, గది, తిండి, ఏ విషయంలో సందేహం వచ్చినా ఒకటే అడగండి: ఆ వేళకు నేను తేరుకుని నిలబడి మాట్లాడడానికి ఇది సాయపడుతుందా, అడ్డొస్తుందా?

మొదట తేల్చుకోవాల్సింది ఆ సదస్సు అసలుదేనా అని. ఈజీయూ విషయంలో ఆ అనుమానం అక్కర్లేదు. కానీ ఈ ఉత్తరం చదివేవాళ్లంతా వియన్నాకే పోరు కదా. ‘మీ అమూల్యమైన పరిశోధనను చూసి ముగ్ధులమయ్యాం’ అంటూ మీ సబ్జెక్టుతో సంబంధం లేని సదస్సుకు ముఖ్యవక్తగా పిలిచే మెయిళ్లు అందరికీ వస్తుంటాయి. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ఓ సంస్థ ఇలాంటి పత్రికలు, సదస్సుల వ్యవహారంలో 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని 2019లో అమెరికా కోర్టు తీర్పు ఇచ్చింది. మన ఊరి పేరు ప్రపంచానికి ఇలా కూడా తెలిసింది. మీ రంగంలో మీరు రోజూ చదివే పేపర్ల రచయితలు ఆ సదస్సుకు వెళ్తారా? ఈ ఒక్క ప్రశ్నతో చాలావరకు తేలిపోతుంది. అసలైన సదస్సుకు కూడా నకిలీల బెడద ఉంది. ‘మహాసభ హోటల్ ఏజెంట్లం, కార్డు నంబరు చెప్పండి’ అని ఎవరైనా మెయిలో ఫోనో చేస్తే సమాధానం ఇవ్వకండి. నిర్వాహకులు అలా అడగరు.

ఇక వీసా. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

ఆస్ట్రియాకు కావలసింది షెంజెన్ వీసా. దరఖాస్తు వీఎఫ్‌ఎస్ కేంద్రంలో ఇస్తారు, నిర్ణయం ఎంబసీది. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు పెట్టుకోవచ్చు, 15 రోజులకన్నా ఆలస్యం కాకూడదు. నిర్ణయానికి మామూలుగా 15 రోజులంటారు గానీ 45 రోజుల దాకా సాగదీసే వెసులుబాటు వాళ్లకుంది. దీనికితోడు ఆ సీజన్లో స్లాటు దొరకడమే గగనం. అబ్‌స్ట్రాక్ట్ గడువు జనవరిలో ముగుస్తుంది, ఆమోదం ఆ తర్వాత వస్తుంది, సభ ఏప్రిల్‌లోనో మే మొదట్లోనో. నడుమ ఉన్న సమయం చూసుకుంటే, ఆమోదం వచ్చాక పాస్‌పోర్టు కోసం పరుగెత్తేవాడికి ఆ ఏడాది వియన్నా లేనట్టే. పాస్‌పోర్టు గత పదేళ్లలో జారీ అయినదై ఉండాలి, షెంజెన్ నుంచి తిరిగొచ్చే తేదీ తర్వాత కనీసం మూడు నెలల గడువు మిగలాలి, రెండు ఖాళీ పేజీలుండాలి. ఫీజు 2024 జూన్ నుంచి 90 యూరోలు. కేంద్రం తీసుకునే సేవా రుసుము వేరే. వైద్య బీమా 30,000 యూరోలకు తగ్గకూడదు, అన్ని షెంజెన్ దేశాలకూ వర్తించాలి.

ఫైలు చూసే అధికారికి మీ పరిశోధనతో పనిలేదు. ఆయనకు కావలసినవి మూడే సంగతులు: ఎందుకు వస్తున్నారు, ఖర్చు ఎవరిది, తిరిగి వెళ్తారా. మొదటిదానికి సభ ఆహ్వాన పత్రం, రిజిస్ట్రేషన్ రసీదు, అబ్‌స్ట్రాక్ట్ ఆమోదం మెయిల్. రెండోదానికి ఫెలోషిప్ మంజూరు పత్రం, బ్యాంకు స్టేట్‌మెంట్లు. ఖర్చు నాన్నగారిదైతే ఆయన ఉత్తరం, ఆయన ఐటీ రిటర్నులు కూడా. మూడోదానికి యూనివర్సిటీ ఇచ్చే ఎన్‌ఓసీ. అందులో ‘ఫలానా తేదీకి తిరిగి విధుల్లో చేరతారు, పీహెచ్‌డీ ఫలానా ఏడాది దాకా కొనసాగుతుంది’ అన్న వాక్యం తప్పకుండా ఉండాలి. ‘అభ్యంతరం లేదు’ అని ముక్తసరిగా రాసి ముద్ర వేసిస్తే అది చాలదు. ఖాతాలో నిన్నటిదాకా 12,000 ఉండి, ఇవాళ ఒక్కసారిగా మూడు లక్షలు పడితే అధికారి కన్ను అక్కడే ఆగుతుంది. ఆ డబ్బు ఎక్కడిదో ఒక్క ముక్కలో రాసి కాగితం జతచేయండి.

టికెట్టు సంగతి చాలామందికి గందరగోళం. వీసా రాకముందే వేలు పోసి టికెట్టు కొనాల్సిన పనిలేదు, రిజర్వేషన్ చూపిస్తే సరిపోతుంది. కానీ ఆ పేరుతో అమీర్‌పేటలో అయిదారు వందలకు అమ్మే ‘డమ్మీ టికెట్’ జోలికి పోకండి. ఆ పీఎన్‌ఆర్ విమానయాన సంస్థ దగ్గర కనిపించకపోతే, ఫైల్లోని తక్కిన కాగితాలన్నీ నిజమైనా ఎవరూ నమ్మరు. తిరిగి రద్దుచేసుకునే వీలున్న టికెట్టో, నిజమైన ఏజెంటు కొన్నాళ్లు నిలిపిపెట్టిన బుకింగో తీసుకోండి. హోటల్ కూడా అంతే, ఉచిత రద్దు ఉన్నదే చూడండి. స్విట్జర్లాండ్ మోజుంటే ఒక్క మాట గుర్తుంచుకోండి. షెంజెన్‌లో ఏ దేశంలో ఎక్కువ రోజులుంటారో ఆ దేశానికే దరఖాస్తు పెట్టాలి. వియన్నాలో ఆరు రోజులు, ఇంటర్‌లాకెన్‌లో రెండు రోజులైతే చిక్కులేదు. అటూ ఇటూ అయితే కాగితం ఒకటి, కథ ఒకటి అవుతుంది.

ఈ మొదటి వీసాను బుద్ధిగా వాడుకోవడంలో ఇంకో లాభం ఉంది. 2024 ఏప్రిల్‌లో యూరోపియన్ కమిషన్ భారతీయుల కోసం నియమాలు సడలించింది. అంతకు ముందు మూడేళ్లలో రెండు షెంజెన్ వీసాలు పొంది సక్రమంగా వాడినవాళ్లకు మామూలుగా రెండేళ్ల మల్టిపుల్ ఎంట్రీ వీసా ఇస్తారు. పాస్‌పోర్టు మారినా పాతది పారేయకండి. అది మీకు ముందుముందు పనికొచ్చే సాక్ష్యం.

డబ్బు దారులు కొన్నున్నాయి. సెర్బ్ నడిపిన అంతర్జాతీయ ప్రయాణ సహాయం ఇప్పుడు ఏఎన్‌ఆర్‌ఎఫ్ కిందికి వచ్చింది. సీఎస్‌ఐఆర్‌కూ పథకం ఉంది. ఈజీయూ స్వయంగా ఇచ్చే ప్రయాణ సహాయం కూడా ఉంది గానీ, దాని గడువు మామూలు అబ్‌స్ట్రాక్ట్ గడువుకన్నా ముందే ముగుస్తుంది. మనవాళ్లు ఎక్కువగా పోగొట్టుకునేది దీన్నే. ప్రభుత్వ సొమ్ముతో వెళ్లేవాళ్లు టికెట్టు ఎవరి దగ్గర కొనాలన్నదానికి నిబంధనలున్నాయి. మీ అకౌంట్స్ విభాగాన్ని అడిగి, ఆ జవాబు మెయిల్లో తీసుకుని, ఆ తర్వాతే కొనండి. చౌకగా దొరికిందని వేరేచోట కొంటే, తిరిగొచ్చాక బిల్లు ఆగిపోతుంది. బోర్డింగ్ పాసులు పారేయకండి, అన్నీ, కనెక్టింగ్ విమానానివి కూడా. ఫోన్లో బోర్డింగ్ పాస్ వాడినా కౌంటర్లో ఓ కాగితం అడిగి తీసుకోండి. ఆ చీటీ లేక నెలల తరబడి రావాల్సిన డబ్బు రాక తిరిగినవాళ్లను చూశాను.

విమానం ఎంచుకునేటప్పుడు అయిదారు వేలు మిగులుతాయని రెండు చోట్ల ఆగేది తీసుకోకండి. హైదరాబాద్ నుంచి దోహా మీదుగానో, దుబాయ్ మీదుగానో, ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగానో ఒక్కచోట మారి వెళ్లిపోవచ్చు. గల్ఫ్ మీదుగా వెళ్తే ఇమ్మిగ్రేషన్ వియన్నాలో జరుగుతుంది. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా వెళ్తే షెంజెన్ గుమ్మం అక్కడే, కాబట్టి విమానం మారే సమయంలోనే ఆ క్యూ కూడా దాటాలి. పైగా 2025 అక్టోబరు నుంచి యూరప్ సరిహద్దుల్లో ముద్రల బదులు ముఖచిత్రం, వేలిముద్రలు తీసుకునే కొత్త పద్ధతి మొదలైంది. గంటలో కనెక్షన్ పట్టుకోగలమన్న ధైర్యం వద్దు, కనీసం రెండున్నర, మూడు గంటలు పెట్టుకోండి. విశాఖ, విజయవాడ వాళ్లు శంషాబాద్ దాకా వచ్చే విమానం, అక్కణ్ణుంచి వెళ్లే విమానం ఒకే టికెట్టు మీద ఉండేలా చూసుకుంటే, మొదటిది ఆలస్యమైనా రెండోదాని బాధ్యత విమానయాన సంస్థదే అవుతుంది. సోమవారం పోస్టరుంటే శనివారానికే చేరండి. వేసవిలో వియన్నా మనకన్నా మూడున్నర గంటలు వెనక. తేడా చిన్నదే అనిపిస్తుంది గానీ తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చి, సాయంత్రం సెషన్లో తల వాలిపోతుంది.

పోస్టరు గొట్టం ఒక పెద్ద తలనొప్పి. కొన్ని విమానాల్లో దాన్ని మరో సంచి కింద లెక్కిస్తారు. కొందరు పైన అరలో పెట్టి దిగేటప్పుడు మరచిపోతారు. గుడ్డ మీద ప్రింటు చేయించుకోండి. మన ఊళ్లలో ఫ్లెక్సీలు కొట్టే షాపుల్లోనే బట్ట మీద కూడా వేస్తారు. చొక్కాలా మడిచి సూట్‌కేసులో పెట్టుకోవచ్చు, గదిలో ఇస్త్రీ చేసుకోవచ్చు. ఫ్లెక్సీ మాత్రం వద్దు, బరువెక్కువ, మడిస్తే గీతలు పడతాయి. ఈజీయూ బోర్డులు అడ్డంగా ఉంటాయని గుర్తుంచుకుని నమూనా చేయండి. పీడీఎఫ్ ఒకటి ఫోన్లో, ఒకటి మెయిల్లో ఉండాలి. పవర్ బ్యాంకు చెక్-ఇన్ సామానులో వేయకూడదు.

అమ్మ కట్టిచ్చే మూట విషయంలో నియమాలు ఆమెకు చదివి వినిపించండి. యూరప్‌లోకి బయటి దేశాల నుంచి మాంసం, పాల పదార్థాలు తీసుకెళ్లకూడదు. అంటే నాటుకోడి పచ్చడి, నెయ్యి, పాలకోవా ఇంట్లోనే ఉండాలి. పచ్చి కరివేపాకు, మామిడికాయలు, నిమ్మకాయలు కూడా వద్దు. తాజా కాయలకు, ఆకులకు ధ్రువపత్రం అడుగుతారు. ఆవకాయ, గోంగూర, కందిపొడి, పులిహోర మిక్స్ ఇబ్బంది లేదు. చెక్-ఇన్ సామానులో, నూనె కారకుండా రెండు కవర్లలో. పెరుగు అక్కడ ఏ సూపర్ మార్కెట్లోనైనా బ్రహ్మాండంగా దొరుకుతుంది. వంటగది ఉన్న గది తీసుకుంటే బియ్యం కొనుక్కుని పెరుగన్నం, ఆవకాయతో వారం దర్జాగా గడిచిపోతుంది.

గది సభాస్థలికి దగ్గరలోనే ఉండాలని లేదు. సభ జరిగేది ఆస్ట్రియా సెంటర్‌లో. స్టేషన్ పేరు కైజర్‌మ్యూలెన్ వీఐసీ, యూ1 మెట్రో లైను మీద. ఆ లైను పొడవునా ఎక్కడ గది దొరికినా హాయి. ఊరు నిండిపోతుంది కాబట్టి వీసా కోసం ఆగకుండా ముందే బుక్ చేయండి. తెలిసినవాళ్లింట్లో మూడు రోజులకు మించి ఉంటే నివాస నమోదు పత్రం నింపాలన్న చట్టం ఉంది. హోటళ్లు ఆ పని వాళ్లే చూసుకుంటాయి.

విమానాశ్రయంలో దిగగానే ఆకుపచ్చ రంగులో మెరిసే ఎక్స్‌ప్రెస్ రైలు ఒకటి కనిపిస్తుంది. అది వేరే టికెట్టు, ధర ఎక్కువ, సిటీ పాసు అందులో చెల్లదు. ఎస్7 లోకల్ రైలు చాలు. విమానాశ్రయం సిటీ జోన్ బయట ఉంది కాబట్టి సిటీ టికెట్టుకు తోడు చిన్న అదనపు టికెట్టు కొనాలి. పట్టాల పనుల వల్ల మార్గాలు మారుతుంటాయి, ఆస్ట్రియా రైల్వే వారి ఓబీబీ యాప్‌లో ఆ రోజు సంగతి చూసుకోండి. మెట్రోకు గేట్లుండవు. ఇది చూసి మురిసిపోకండి. కాగితం టికెట్టైతే నీలిరంగు పెట్టెలో ముద్ర వేసుకోవాలి. మామూలు దుస్తుల్లో తనిఖీవాళ్లు ఎక్కుతారు, జరిమానా వంద యూరోలు దాటుతుంది, ‘కొత్తగా వచ్చాను’ అన్న మాట పనిచేయదు. వారం పాసు తీసుకోండి.

ఇంకో సంగతి మనవాళ్లకు తోచదు. సభ సోమవారం మొదలు కాబట్టి చాలామంది ఆదివారం దిగుతారు. ఆదివారం వియన్నాలో దుకాణాలు మూసి ఉంటాయి. శనివారం సాయంత్రం ఆరింటికే సూపర్ మార్కెట్లు తాళం వేస్తాయి. మందుల షాపులు కూడా వంతులవారీగా ఒకటీ అరా తెరిచి ఉంటాయి. ప్రాటర్‌స్టెర్న్, వీన్ మిట్టె, హౌప్ట్‌బాన్‌హోఫ్ లాంటి పెద్ద స్టేషన్లలోని సూపర్ మార్కెట్లు మాత్రం ఆదివారమూ నడుస్తాయి. పాలు, రొట్టె, పండ్లు అక్కడ కొనుక్కోండి. కార్డు చాలాచోట్ల నడుస్తుంది, అయినా కాస్త నగదు ఉంచుకోండి. మెషీన్ ‘రూపాయల్లోనా, యూరోల్లోనా’ అని అడిగితే యూరోలే నొక్కండి. రూపాయలు ఎంచుకుంటే మారకం రేటు వాళ్లిష్టం.

హోటళ్లలో తిండి విషయంలో మొహమాటం వద్దు. వీనర్ ష్నిట్జెల్ అని మెనూలో ఉంటే అది దూడ మాంసమే. అక్కడ ఆ పేరుతో వేరేది అమ్మకూడదు. గులాష్ సాధారణంగా గొడ్డుమాంసం. శాకాహారంలా కనిపించే సూప్ కూడా చాలాసార్లు గొడ్డుమాంసపు రసంతోనే చేస్తారు. ‘ఓనే ఫ్లైష్’, మాంసం లేకుండా, అని అడిగి తెలుసుకోండి. కేజెస్పెట్స్‌లె అనే చీజ్ వంటకంలో గుడ్డుంటుంది, మాంసం ఉండదు. బాత్రూముల్లో నీళ్ల ఏర్పాటు ఉండదని, చిన్న సీసా వెంట ఉంచుకుంటే మంచిదని ఏ గైడ్ బుక్కులోనూ రాయరు.

నీళ్ల సీసాలు మాత్రం కొనకండి. వియన్నా కొళాయి నీళ్లు ఆల్ప్స్ సున్నపురాయి కొండల ఊటల నుంచి, పంపులతో పనిలేకుండా వాలు మీదే పారుతూ వస్తాయి. హోటల్ గదిలో కెటిల్ అడుగున తెల్లగా పొర కడితే భయపడకండి. మనం భూగర్భశాస్త్రం చదివినవాళ్లం, ఆ సున్నం ఎక్కడిదో మనకు తెలియాలి. ఒకప్పుడు ఆ ఊళ్లో బావుల నీళ్లు తాగి జనం టైఫాయిడ్, కలరాలతో పోయేవారు. కొండ ఊటల నీళ్లు తేవాలని నగర సభలో పట్టుబట్టినవాడు ఎడువార్డ్ సూస్, వియన్నా విశ్వవిద్యాలయంలో భూగర్భశాస్త్ర ప్రొఫెసర్. తొలి కాలువ 1873లో ప్రారంభమైంది, రెండోది 1910లో. దక్షిణ ఖండాలు ఒకప్పుడు కలిసి ఉండేవన్న ఆలోచనను గోండ్వానా పేరుతో ప్రపంచానికి చాటినవాడూ ఆయనే. సింగరేణి బొగ్గు దొరికేది ఆ గోండ్వానా శిలల్లోనే. కొత్తగూడెం నుంచో మంథని నుంచో వచ్చినవాళ్లకు వియన్నాలో అంతకన్నా దగ్గరి చుట్టం దొరకడు. ష్వార్ట్‌సెన్‌బెర్గ్ కూడలిలో, ఆ తొలి నీళ్ల రాకకు గుర్తుగా కట్టిన ఫౌంటెన్ దగ్గర ఆయన విగ్రహం ఉంది. సభ జరిగే ప్రాంతం చరిత్రలోనూ ఆయన చెయ్యి ఉంది. 1870-75 మధ్య డాన్యూబ్ నదిని తిన్నగా మలచిన పనిలో ఆయన పాలుపంచుకున్నారు. అప్పుడు తెగిపోయిన పాత పాయ ఆస్ట్రియా సెంటర్‌కు నడిచి వెళ్లే దూరంలో చెరువులా ఇప్పటికీ ఉంది. మధ్యాహ్నం తల వేడెక్కితే అటు ఓ పావుగంట నడవండి. గాలి చల్లగా కొడుతుంది, ఏప్రిల్‌లో పొద్దున పూట వణికిస్తుంది, జాకెట్టు లోపల ఇంకో పొర వేసుకోండి. ఊరు చూడ్డానికి ఒక్క పూట మాత్రమే కుదిరితే ప్యాలెస్‌లు వదిలేసి సహజ చరిత్ర మ్యూజియానికి పొండి. ఉల్కల సేకరణ చూస్తే మీకు కాళ్లు కదలవు. మంగళవారం సెలవు.

ఇప్పుడు అసలు సంగతి, పోస్టరు హాలు. బోర్డుల వరుసల మధ్య జనం మెల్లగా నడుస్తుంటారు. ఒకామె మీ ముందు ఆగుతుంది. శీర్షిక చదువుతుంది, చూపు కిందికి జారి రెండో బొమ్మ దగ్గర నిలుస్తుంది. అక్కడ మన పిల్లలు చేసేది రెండింట్లో ఒకటి: గోడకు అతుక్కుపోయి ఫోను చూసుకోవడం, లేదా వైవాలో లాగా పరిచయం నుంచి ముగింపు దాకా ఊపిరి తీయకుండా అప్పజెప్పడం. రెండూ వద్దు. ‘ఒక్క నిమిషంలో చెప్పమంటారా?’ అని అడగండి. ఆ నిమిషంలో పద్ధతి ఊసెత్తకండి. ‘నల్గొండ బావుల్లో ఫ్లోరైడ్ వానల తర్వాత కొన్నిచోట్ల తగ్గుతుంది, కొన్నిచోట్ల పెరుగుతుంది, ఎందుకో వెతికాం, ఈ బొమ్మలో కారణం ఉంది’ అన్నట్టు మొదలుపెట్టి వేలు బొమ్మ మీద పెట్టండి. ఆమెకు నల్గొండ ఎక్కడుందో తెలియదు, కాబట్టి మూలన చిన్న పటం ఉండాలి. ఆ తర్వాత మీరే ఒక ప్రశ్న వేయండి: మీరు ఏం పని చేస్తుంటారు? మెడలోని బ్యాడ్జి చూస్తే అది మీరు థీసిస్‌లో ముప్పైసార్లు ఉటంకించిన పేరు కావచ్చు. టీషర్టు, పాత బూట్లతో వచ్చినంత మాత్రాన చిన్నవాళ్లనుకోకండి. అక్కడ అందరూ పేర్లతోనే పిలుచుకుంటారు. మీకు నోరు రాకపోతే ‘ప్రొఫెసర్’ అనండి, తప్పు పట్టరు. తెలియని ప్రశ్న వస్తే ‘అది చూడలేదు, ఎలా చూడమంటారు?’ అని అడగండి. పోస్టరు పెట్టడం వల్ల వచ్చే లాభమంతా ఆ జవాబులోనే ఉంటుంది. ఆ మాట అక్కడికక్కడే నోటుబుక్కులో రాసుకోండి, ఆ రాత్రే మెయిల్ పంపండి. వారం దాటితే వాళ్లకు మీ ముఖం గుర్తుండదు.

సాయంత్రాల్లో చాలామంది చేతిలో బీరు ఉంటుంది. అలవాటు లేకపోతే జ్యూసు పట్టుకుని నిలబడండి, ఎవరూ బలవంతం చేయరు. కానీ ఆ వేళకు గదికి పారిపోకండి. ఇంకొక్క మాట, ఇది కాస్త చేదుగా ఉంటుంది. తెలుగువాళ్లంతా ఓ బల్ల చుట్టూ చేరి మన డిపార్టుమెంటు రాజకీయాలు మాట్లాడుకోవడానికి వియన్నా దాకా రానక్కర్లేదు. రోజుకో పూట భోజనమైనా తెలియనివాళ్ల పక్కన కూర్చుని చేయండి. రోజంతా సెషన్ల వెంట పరుగెత్తకండి. పూటకు ఒకటి ఎంచుకుని చివరిదాకా కూర్చోండి.

ఒంట్లో బాగోకపోతే అంబులెన్సుకు 144, ఏ అత్యవసరానికైనా 112. మీ రోజువారీ మందులు డాక్టరు చీటీతో, స్ట్రిప్పులతో సహా చేతి సంచిలో ఉండాలి. శుక్ర, శనివారాల్లో మెట్రో రాత్రంతా నడుస్తుంది. రోడ్డు దాటేటప్పుడు వాహనం ఒక్కటీ లేకపోయినా ఎర్ర లైటుంటే ఆగండి, పోలీసులు జరిమానా రాస్తారు.

ఈ ఉత్తరంలో చివరి మాటలు మీకు కాదు, మీ గైడ్లకు, రిజిస్ట్రార్లకు, అకౌంట్స్ విభాగాల వారికి. అయ్యా, అమ్మా, ఎంబసీ 15 రోజుల్లో తేల్చే ఫైలుకు కావలసిన ఎన్‌ఓసీ మన దగ్గర డిపార్టుమెంటు నుంచి డీన్‌కు, డీన్ నుంచి రిజిస్ట్రార్‌కు, సెలవుల మీదుగా వెనక్కి తిరిగి నెల పడుతోంది. వీసా ఆలస్యమైందని మనం ఆస్ట్రియాను తిడుతుంటాం. ప్రయాణ సహాయం చాలావరకు తిరిగొచ్చాకే చేతికందుతుంది. ఈలోగా ఇంట్లో బంగారం బ్యాంకులో పెట్టి పిల్లలు టికెట్టు కొంటున్నారు. మూడు పనులు చేయండి. వీసాకు సరిపోయే ఎన్‌ఓసీ నమూనా ఒకటి తయారుచేసి వారంలో సంతకం పెట్టి ఇవ్వండి. మంజూరైన మొత్తంలో సగమైనా ముందే అడ్వాన్సుగా ఇవ్వండి. బోర్డింగ్ పాసులు అందిన నెలలోగా మిగతాది చెల్లించండి. వీటికి కొత్త నిధులు అక్కర్లేదు, మీ సంతకాలు చాలు. ఈజీయూ అబ్‌స్ట్రాక్ట్ గడువు జనవరిలో వస్తుంది. ఆ నమూనా డిసెంబరుకే సిద్ధంగా ఉండాలి.

ఇట్లు,
ఆ సభకు వచ్చిపోయే ఒక పెద్ద వయసు భూగర్భశాస్త్ర విద్యార్థి